‘ది సోప్రానోస్’ అయిదో సీజన్‌లో అసలు అప్పు ఎవరిది?

‘ది సోప్రానోస్’ అయిదో సీజన్ గురించి మీరడిగిన ప్రశ్నలో మూడు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటి నాలుగు సీజన్లలో ఎక్కడా కనిపించని టోనీ బ్లండెట్టో అనే మనిషిని జైలు నుంచి తెచ్చి, పదమూడు ఎపిసోడ్లలో అతడి కథ ముగించేయడం కేవలం రచయితల అవసరం కొద్దీ జరిగినట్టుందన్నది మొదటిది. ఏడ్రియానాను చంపే ఘట్టంలో కెమెరా పక్కకు తప్పుకోవడం ప్రేక్షకుణ్ణి మోసగించడమేనన్నది రెండవది. పదకొండో ఎపిసోడ్‌లోని కల ఒట్టి సాగదీత అన్నది మూడవది. ఇన్ని లోపాలుండగా దీన్ని అత్యుత్తమ సీజన్ అని ఎందుకంటారని అడిగారు. రెండు దశాబ్దాలుగా తెలుగు సీరియళ్ళకు కథనమూ సంభాషణలూ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి కాబట్టి, విమర్శకుడిగా కాక అదే పని చేసే పనివాడిగా సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను. కథలోని చావులన్నీ ప్రస్తావనకు వస్తాయి గనుక సీజన్ చూడనివారు చూశాకే దీన్ని చదవడం మంచిది.

డేవిడ్ చేజ్ సృష్టించిన ఈ సిరీస్ హెచ్‌బీవో చానల్‌లో 1999 జనవరి నుంచి 2007 జూన్ వరకు, మొత్తం 86 ఎపిసోడ్లుగా ప్రసారమైంది. న్యూజెర్సీ మాఫియా నాయకుడు టోనీ సోప్రానో, అతడి భార్య కార్మెలా విడిపోవడంతో 2002 డిసెంబరులో నాలుగో సీజన్ ముగిసింది. పదిహేను నెలల తరవాత, 2004 మార్చి 7న అయిదో సీజన్ మొదలై జూన్ 6న పూర్తయింది. ఆ ఏడాది ఉత్తమ డ్రామా సిరీస్‌గా దీనికి అమెరికా టీవీ పురస్కారమైన ఎమ్మీ వచ్చింది. కేబుల్ చానల్‌లో వచ్చిన ఒక సిరీస్‌కు ఆ పురస్కారం దక్కడం అదే మొదటిసారి. ఏడ్రియానాగా నటించిన డ్రియా డి మాటియో, ఆమెకు కాబోయే భర్త, టోనీ ముఠా మనిషి క్రిస్టఫర్‌గా నటించిన మైకేల్ ఇంపీరియోలీ ఇద్దరికీ సహాయ పాత్రల పురస్కారాలు లభించాయి. పురస్కారాలు వచ్చాయి కాబట్టి గొప్పదని నేననడం లేదు. అప్పటిదాకా ఆ సిరీస్‌కు ఇవ్వని గౌరవాన్ని ఆ ఏడాదే ఎందుకిచ్చారో గమనించాలి.

మీ మొదటి అభ్యంతరం నుంచి వద్దాం. స్టీవ్ బుషెమీ పోషించిన టోనీ బ్లండెట్టోను ఆ కథలోని వారంతా టోనీ సోప్రానోకు ‘కజిన్’ అంటారు. ఇంగ్లీషులో ఆ ఒక్క మాట ఎన్నో వరసలను కప్పేస్తుంది. మన వరసల్లో చెప్పుకుంటే విషయం తేటపడుతుంది: వీరిద్దరి తల్లులు, అంటే లివియా, క్వింటీనా, తోబుట్టువులు. అక్కచెల్లెళ్ళ బిడ్డలు మనకు బావా బావమరుదులు కారు, అన్నదమ్ములే. ఒకే పేరుతో, ఒకే వీధిలో, ఒకే వేసవి సెలవుల్లో పెరిగిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు పదిహేనేళ్ళకు పైగా జైల్లో ఉండి వస్తే, రెండోవాడు ఈలోగా నాయకుడై, ఈతకొలను ఉన్న పెద్ద ఇంటికి యజమాని అయ్యాడు. ఇది సీజన్ ఆరంభంలో కనిపించే పైకథ.

అతణ్ణి తేవడం రచయితల అవసరమే, కాదనను. అయితే ఆ అవసరానికి నిజజీవితంలో ఆధారం ఉంది. ముఠా నేరాలను అణచడానికి 1970లో అమెరికాలో వచ్చిన రికో చట్టాన్ని ఉపయోగించి 1980ల్లో మాఫియా మనుషులను పెద్ద సంఖ్యలో జైలుకు పంపారు. అలా వెళ్ళినవారు శిక్ష ముగించుకుని ఒకేసారి బయటకు వస్తే ఏమవుతుందన్న ఊహతో చేజ్ బృందం ఈ సీజన్‌ను మొదలుపెట్టింది. అందుకే తొలి ఎపిసోడ్లలో వచ్చినవాడు బ్లండెట్టో ఒక్కడే కాదు. ఫీచ్ లా మాన్నా అనే ముసలి దాదా వచ్చాడు, న్యూయార్క్ ముఠా పక్షాన ఫిల్ లియొటార్డో వచ్చాడు, ఏంజెలో గరేపే వచ్చాడు. వీరంతా లెక్కలు తేల్చుకోవడానికే వచ్చారు. తాము జైల్లో ఉన్నన్నాళ్ళూ బయటివాళ్ళు తిన్నది తమ వాటాయేనని ప్రతి ఒక్కరి నమ్మకం.

ఈ సీజన్ తాళంచెవి నా లెక్కలో పన్నెండో ఎపిసోడ్‌లో లేదు, తొమ్మిదో ఎపిసోడ్‌లో ఉంది. మాథ్యూ వీనర్, టెరెన్స్ వింటర్ కలిసి రాసిన ఆ ఎపిసోడ్ పేరు ‘అన్‌ఐడెంటిఫైడ్ బ్లాక్ మేల్స్’, అంటే ఎవరో తెలియని నల్లజాతి మగవాళ్ళు. బ్లండెట్టో ఒక లారీ దోపిడీలో పట్టుబడిన రాత్రి, అదే దోపిడీకి టోనీ సోప్రానో కూడా వెళ్ళవలసి ఉంది. దారిలో నల్లవాళ్ళు తనను కొట్టడం వల్ల రాలేకపోయానని అతడు ఇన్నేళ్ళుగా అందరితో చెబుతూ వచ్చాడు. నిజానికి ఆ రాత్రి తల్లి లివియాతో గొడవపడి, భయంతో ఊపిరాడక స్పృహతప్పి పడిపోతే తలకు గాయమైంది. తల్లికి భయపడ్డ పిల్లవాడి గాయాన్ని వీధి రౌడీల మీదికి నెట్టి, తమ్ముణ్ణి ఒంటరిగా జైలుకు పంపాడు. ఈ సంగతి అతడు మొట్టమొదట తన మానసిక వైద్యురాలు మెల్ఫీ ఎదుట, మాటలు కూడదీసుకుంటూ చెబుతాడు.

ఆ ఎపిసోడ్‌ను మళ్ళీ చూసినప్పుడు దగ్గరగా గమనించవలసినది ఒకటుంది. అప్పటికే బ్లండెట్టో న్యూయార్క్ ముఠాకు చెందిన జోయీ పీప్స్‌ను రహస్యంగా చంపి ఉంటాడు. ఆ గొడవలో కారు చక్రం పాదం మీదుగా పోవడంతో కుంటుతుంటాడు. కుంటు ఎందుకని టోనీ అడిగితే, బారు బయట ఇద్దరు నల్లవాళ్ళు తన మీద పడ్డారని చెబుతాడు. తాను ఎన్నో ఏళ్ళ కిందట చెప్పిన అబద్ధమే, అక్షరం పొల్లుపోకుండా, తమ్ముడి నోట తనకే తిరిగి వచ్చింది. హంతకుడు కుంటుతూ పారిపోయాడని గోల్ఫ్ మైదానంలో న్యూయార్క్ నాయకుడు జానీ శాక్ చెప్పగానే టోనీ కుప్పకూలడానికి కారణం ఇదే. అదే ఎపిసోడ్‌లో టోనీ కూతురు మెడో, తన పాత ప్రియుడు జాకీని చంపింది కూడా నల్లజాతి మత్తుమందు వ్యాపారులేనని నమ్మకంగా చెబుతుంది. ఒకే అబద్ధాన్ని మూడు నోళ్ళలో పెట్టి, ఎక్కడా వేలెత్తి చూపకుండా వదిలేశారు. మా సీరియళ్ళలో అయితే రెండో అబద్ధం దగ్గరే మొదటి అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ వేయమని చానల్ నుంచి ఫోను వచ్చేది.

బ్లండెట్టో ఊరికే ఊడిపడిన పాత్ర కాదని చెప్పడానికి ఇంత రాశాను. ‘అతడు నాకోసం జైలుకు వెళ్ళాడు’ అన్న భావం టోనీని సీజన్ అంతా నడిపిస్తుంది. బ్లండెట్టో మాత్రం మొదట్లో ముఠా పనే వద్దంటాడు. మర్దన వైద్యం నేర్చుకుని, లైసెన్సు పరీక్ష రాసి, కిమ్ అనే కొరియన్ యజమాని లాండ్రీలో పనిచేస్తూ సొంత దుకాణం పెట్టుకోవాలని చూస్తాడు. ఆరో ఎపిసోడ్‌లో రోడ్డు మీద దొరికిన డబ్బు సంచి అతణ్ణి చెడగొడుతుంది. జూదంలో పోగొట్టుకుని, చివరకు ఆదరించిన కిమ్‌నే చావబాదుతాడు. ఇంకా సున్నితమైన దెబ్బ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఉంది. కార్మెలా తండ్రి డెబ్బై అయిదో పుట్టినరోజు వేడుక టోనీ ఇంట్లో జరుగుతుంటే బ్లండెట్టో కవల కొడుకులు ఆ ఈతకొలనునూ ఆ ఇంటినీ వదలలేకపోతారు. పిల్లల ముఖాలు చూసిన తండ్రి అంతకుముందు కాదన్న జోయీ పీప్స్ హత్య పనికి ఒప్పుకుంటాడు. పగ కోసమో కసి కోసమో కాదు, అన్న ఇంటి కొలను ముందు తన పేదరికం కనబడినందుకు. మన ఉమ్మడి కుటుంబాల్లో పుట్టి పెరిగినవారికి ఈ ఘట్టాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ కథలో అప్పులు ఎప్పుడూ చేసినవాళ్ళు తీర్చరు. ఇంటి ముందు పచ్చిక కోసే కాంట్రాక్టరు సాల్ విట్రో కథే చూడండి. ముఠాతో ఏ సంబంధమూ లేని ఆ మనిషి వాడుకను జైలు నుంచి వచ్చిన ఫీచ్ తన బంధువు కోసం లాక్కుంటాడు. అడ్డుపడితే చెయ్యి విరగ్గొడతాడు. న్యాయం చేయమని ముఠాలోని పాలీ దగ్గరకు వెళితే, పంచాయతీ టోనీ దాకా పోయి, చివరకు తేలిన తీర్పు ఇది: సాల్‌కు కొంత వాడుక తిరిగి వస్తుంది, బదులుగా అతడు టోనీ ఇంట్లోనూ జానీ శాక్ ఇంట్లోనూ ఉచితంగా పచ్చిక కోయాలి. అతడి కొడుకు చదువు మానుకుని తండ్రికి సాయంగా రావలసి వస్తుంది. ఈ ట్రాక్‌కు సీజన్ మొత్తంలో కేటాయించిన సమయం చాలా తక్కువ. అయినా ఈ మాఫియా ఎలా బతుకుతుందో సిరీస్ మొత్తంలో ఇంత స్పష్టంగా చెప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఫీచ్ విషయం టోనీ తొందరగానే ముగించాడు. దొంగ టీవీలను అతడి గరాజులో దాపించి, పెరోల్ అధికారి కంట పడేలా చేసి తిరిగి జైలుకు పంపాడు. ఒక్క తూటా ఖర్చు కాలేదు.

ఇక ఏడ్రియానా. ఎఫ్‌బీఐ ఆమెను నాలుగో సీజన్‌లోనే వలలో వేసుకుంది. ఆమె తన క్లబ్బులో జరిగిన ఒక హత్యను దాచిపెట్టినందుకు ఇప్పుడు ఎఫ్‌బీఐ జైలు భయం చూపి, క్రిస్టఫర్‌ను కూడా తమవైపు తిప్పమంటుంది. పన్నెండో ఎపిసోడ్‌లో ఆమె అతడితో నిజం చెబుతుంది. అతడు ఆమె గొంతు నులిమి, ఏడ్చి, పేరు మార్చుకుని ఎక్కడికైనా వెళ్ళిపోదామన్నదానికి దాదాపు ఒప్పుకుంటాడు. సిగరెట్లకని బయటికి వెళ్ళి, పెట్రోలు బంకులో పాత కారు, చిన్న పిల్లలు, అలసిన భార్యతో ఉన్న ఒక సామాన్యుణ్ణి చూస్తాడు. ఆ షాట్‌లో సంభాషణ లేదు. ఆ మనిషిలా బతకడం కన్నా ఏడ్రియానా చావడమే మేలని అతడు నిర్ణయించుకున్నాడని మనకు ఎవరూ చెప్పరు. తరవాత క్రిస్టఫర్ ఆత్మహత్యకు ప్రయత్నించాడని టోనీ ఆమెకు ఫోను చేస్తాడు, ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి ముఠాలో టోనీకి కుడిభుజమైన సిల్వియో వస్తాడు.

కారులో వెళుతూండగా ఒక్క క్షణం ఆమె తన కారును తానే నడుపుకుంటూ, పక్క సీట్లో పెట్టెతో, ఒంటరిగా దూరంగా వెళ్ళిపోతున్నట్టు చూపిస్తారు. తప్పించుకుందని మనం ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ సిల్వియో పక్కన కూర్చున్న ఏడ్రియానా కనబడుతుంది. కారు పెద్ద రోడ్డు వదిలి చెట్లలోకి తిరిగినప్పుడు ఆమెకు అర్థమవుతుంది. సిల్వియో బూతు మాటతో ఆమెను బయటికి లాగితే, రాలిన ఆకుల మీద చేతులతో, మోకాళ్ళతో పాకుతూ ఆమె చట్రం దాటిపోతుంది. అతడు తుపాకీతో వెనకాలే వెళతాడు. కెమెరా కదలదు. శబ్దం మాత్రమే మనకు అందుతుంది.

ఇది మోసమా? నా దృష్టిలో కాదు, మొత్తం సీజన్‌లో అంత నిజాయితీగా చేసిన పని మరొకటి లేదు. ఈ సిరీస్‌లో శవాలను, రక్తాన్ని దాచిపెట్టే అలవాటు లేదు. తల నరికిన సన్నివేశాలు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు ఒక్క ఏడ్రియానాకే తెర ఎందుకు వేశారన్నది ఆలోచించాలి. ఆమె శవం కనబడితే మనకు ఒక ముగింపు దొరికేది, ఏడ్చి తేలికపడేవాళ్ళం. ముగింపు దొరకకపోవడమే ఆ ముఠా పద్ధతి: మనిషి ఉండదు, ఆమె కారు మాత్రం క్రిస్టఫర్ నెవార్క్ విమానాశ్రయంలో వదిలిపెట్టి వస్తాడు. ఎపిసోడ్ పేరు ‘లాంగ్ టర్మ్ పార్కింగ్’ అందుకే. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉన్న మనవాళ్ళు అమ్మానాన్నలను దింపడానికో తేవడానికో వెళ్ళే విమానాశ్రయం అది. మా తమ్ముడి కారులో ఆ పార్కింగు పక్కగా వెళ్ళిన ప్రతిసారీ నాకు ఇదే గుర్తుకు వస్తుంది.

మరొక సంగతి చాలామంది దృష్టికి రానిది. అదే ఎపిసోడ్‌లో కార్మెలా, టోనీ తిరిగి కలుస్తారు. ఆమె షరతు పెడుతుంది: తాను ఇల్లు కట్టి అమ్ముకోవడానికి ఒక స్థలం కొనాలి, దానికి 6 లక్షల డాలర్లు కావాలి. అతడు ఒప్పుకుంటాడు. ఎపిసోడ్ చివరి సన్నివేశంలో ఇద్దరూ ఆ స్థలం చూడటానికి వస్తారు. అది అడవి. ఆకులు రాలిన నేల, సన్నటి చెట్లు, కొన్ని నిమిషాల కిందట ఏడ్రియానా పాకిన చోటు లాంటిదే. టోనీ ఒక మొద్దు మీద కూర్చుంటాడు, కార్మెలా ఇంటి గురించి చెబుతూంటుంది, కెమెరా మెల్లగా చెట్ల పైకి లేస్తుంది. ఏడ్రియానా తన అక్కలాగా నమ్ముకున్న కార్మెలాకు, ఆమె ఏమైందో తెలియదు. అయినా ఆమె కొత్త ఇంటి పునాది ఎక్కడ పడుతోందో మనకు తెలుసు. రచయిత టెరెన్స్ వింటర్‌కు ఆ ఎపిసోడ్‌కు గాను ఎమ్మీ ఇచ్చారు. దర్శకుడు టిమ్ వాన్ పాటెన్‌కు కూడా ఆ చివరి షాట్‌లో సగం వాటా ఉందని నేను భావిస్తాను. సీన్ పేపర్ మీద ఇది రాస్తే ‘ఇద్దరూ స్థలం చూస్తారు’ అన్న ఒక్క లైను మాత్రమే అవుతుంది.

మీ మూడో అభ్యంతరంతో నేను సగం ఏకీభవిస్తాను. ప్లాజా హోటల్లో టోనీ కన్న ఆ కల నాక్కూడా కొన్ని నిమిషాలు ఎక్కువనిపిస్తుంది. కానీ దాన్ని తీసివేస్తే కథ నడవదు. చంపవలసి వస్తే తన చేతిలోని తుపాకీ పనిచేయదని, బ్లండెట్టో ఫిల్‌ను కాల్చడాన్ని తాను ఆపలేకపోయానని టోనీకి కలలోనే అర్థమవుతుంది. తెల్లవారుజామున అతడు ఫోను చేసింది కార్మెలాకు. వాళ్ళు తిరిగి కలవడానికి దారి అక్కడి నుంచే మొదలవుతుంది. కల ముగిసేసరికి బ్లండెట్టో నిజంగానే ఫిల్ తమ్ముడు బిల్లీని చంపేశాడన్న కబురు వస్తుంది.

ఆ తరవాత టోనీ ఏం చేశాడన్నదే చివరి ఎపిసోడ్. న్యూయార్క్ వాళ్ళు బ్లండెట్టోను అప్పగించమంటారు. టోనీ ఒప్పుకోడు. ఫలితంగా బెన్నీ ఫాజియో అనే కుర్రవాడి పుర్రె పగులుతుంది, మిగతావాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతారు. దీన్ని ప్రేమ అనకు, జానీ శాక్ మాట వినవలసి రావడం నీకు అహం అని సిల్వియో ముఖం మీదే అంటాడు. నా అభిప్రాయంలో సిల్వియో చెప్పింది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. తొమ్మిదో ఎపిసోడ్‌లో బయటపడిన అప్పును ప్రేమ అని పేరు పెట్టి టోనీ మోస్తున్నాడు. అహం ఆ మూటకు కట్టిన తాడు. చివరకు అతడు అప్పును ఒకే ఒక్క విధంగా తీర్చగలిగాడు: చిన్నప్పుడు ఇద్దరూ వేసవులు గడిపిన పల్లె పొలానికి వెళ్ళి, సరుకుల సంచులతో వసారా ఎక్కుతున్న బ్లండెట్టోను తానే తుపాకీతో కాల్చాడు. ఫిల్ చేతిలో చిత్రహింస పాలుకాకుండా ఒక్క దెబ్బలో పోనిచ్చాడు. ఆ పొలానికి వచ్చిన ఫిల్‌కు దొరికింది శవం మాత్రమే, కాబట్టి అతడి బాకీ అతడికి అందనే లేదు. ఆరో సీజన్‌లోని యుద్ధానికి విత్తనం అక్కడ పడింది.

సరిగ్గా లెక్క తేలిందనుకుని జానీ శాక్ ఇంటి పెరట్లో ఇద్దరు నాయకులూ మాట్లాడుకుంటూండగా ఎఫ్‌బీఐ వాళ్ళు దిగి జానీని అరెస్టు చేస్తారు. టోనీ మంచులో పడుతూ లేస్తూ పారిపోతాడు, తుపాకీ పారేస్తాడు, వాగు దాటి, ఇల్లు చేరేసరికి ప్యాంటూ బూట్లూ బురదా నీళ్ళూ. ఈ సీజన్ మొదటి ఎపిసోడ్‌లో టోనీ ఇంటి పెరట్లోకి ఒక ఎలుగుబంటి వచ్చింది. టోనీ ఒకప్పుడు బాతుల కోసం తెచ్చిన దాణా వాసనకు వచ్చిందని అప్పుడు అధికారులు కార్మెలాకు చెప్పారు. ఇప్పుడు పొదలు ఊగి, చెట్ల చాటు నుంచి వచ్చింది టోనీ. కార్మెలా తలుపు తీసి అతడి తడిసిన కాళ్ళ వంక చూస్తుంది.